ఆగ్నేయంలోనే పొయ్యి

నర్సీపట్నం,
ఆదివారం

అమ్మకు, అందరం క్షేమం. ఫోనులో నీకు సరిగా వినపడదని కార్డు రాస్తున్నాను.

మూడేళ్లుగా పెరట్లో మేమిద్దరమే బాగుచేసుకుంటున్న పాత వ్యాను నిన్న కదిలింది! మంచాలు, అల్మారా, పొయ్యి అన్నీ దానిలోనే. శ్రీశైలం చూడాలని నీకెంత ఉన్నా బయటి వంట ముట్టవు. వ్యానులో పొయ్యి ఆగ్నేయంలో ఉంటేనే వస్తానన్నావు. కొలిచి సరిగ్గా ఆ మూలనే బిగించాను. తీరా కృష్ణదేవిపేట వైపు పడమరకు తిరగగానే మీ అల్లుడుగారు స్టీరింగు పట్టుకుని ఒకటే నవ్వు.

“ఏటే దుర్గా, మీ అమ్మ ఆగ్నేయం వాయవ్యానికి ఎలిపోనాది!”

పెరట్లో బండి తూర్పుముఖంగా ఉండగా కొలిచాను. బండి తిరిగితే పొయ్యీ తిరుగుతుందని నాకు తట్టనే లేదు.

“వండినప్పుడు కదండీ సూడాలి. తూర్పుకి తిప్పి ఆపండి,” అన్నాను.

వరిచేను పక్కన అలాగే ఆపారు. పొయ్యి ఆగ్నేయానికి వచ్చింది. ఉప్మా చేసుకుని తిన్నాం. శ్రీశైలం దాకా ఎక్కడ ఆగినా ఇలాగే ఆపుతాం.

నీ ఇత్తడి కాఫీ ఫిల్టరు ఎక్కడుందో వదినను వెతకమను. వ్యాను గుమ్మం నేలకు పద్దెనిమిది అంగుళాల ఎత్తు. నీ మోకాళ్లకు ఎంత ఎత్తు మెట్టయితే నొప్పి ఉండదో అన్నయ్య చేత స్కేలు పెట్టి కొలిపించి వెంటనే రాయించు. ఆగ్నేయం కుదిరింది, ఇక మిగిలింది నీ మెట్టే.

అన్నయ్యకు, వదినకు నమస్కారాలు.

నీ వెంకటదుర్గ