బీమ్ నంబర్ ఏడు

4 నవంబర్ 2025, మంగళవారం

గోడ తీయొచ్చని సంతకం పెట్టేశాను. భిలాయ్ పక్కన హథ్‌ఖోజ్‌లో మూతపడ్డ మెషీన్ కంపెనీ ఆఫీసు, యాభై నాలుగేళ్ల బిల్డింగ్, ఇక పన్నెండు ఫ్లాట్లు. కింద రికార్డ్ రూమ్ గోడ తీసేస్తే పెద్ద హాలు వస్తుంది. పై అంతస్తు బరువు బీమ్ నంబర్ ఏడు మోస్తుందని డ్రాయింగ్‌లో ఉంది. గీసింది మా నాన్న దక్షిణామూర్తి, ఇరవై రెండేళ్ల వయసులో. ఆ ట్రేసింగ్ షీట్ ఫ్రేమ్ కట్టి మా హాల్లోనే ఉంది. దాని మీద చీఫ్ ఇంజినీర్ ఎర్ర పెన్సిల్‌తో ఎక్సలెంట్ అని రాశాడు. ఇంకు గీత తప్పితే డ్రాఫ్ట్స్‌మెన్ బ్లేడుతో గీకి దిద్దుతారు. నా షీట్‌కి బ్లేడు తగల్లేదని నాన్న ఎంత మందికి చెప్పి ఉంటారో.

ప్లాస్టర్ కొట్టించి చూడలేదు. నాన్న గీతని చెక్ చేయడమేంటి అనుకున్నాను. స్ట్రక్చరల్ ఇంజినీర్ శ్రీవిద్య గారి, అంటే నా, పనితనం ఇదీ.

6 నవంబర్, గురువారం

మేస్త్రీ బలరాం ఫోన్ చేశాడు. దీదీ, గోడ మీద సెక్కి సూసినాను, బీమ్ నేదు, అంతా ఇటికే అన్నాడు. ఇంకోచోట చెక్కమని కసిరాను. ఇంకోచోటా ఇటుకేనట.

సాయంత్రం నాన్నని అడిగాను. ఏటమ్మా, బలరాం సుత్తి నిజం, నా గీత అబద్ధమా అని లేచి వెళ్లిపోయారు. డ్రాయింగ్ మాట వస్తే ఫ్రేమ్ వైపు చెయ్యి చూపించే మనిషి, ఈ రోజు అటు చూడనే లేదు. నాకు భయమేసింది.

7 నవంబర్

సోమవారం పదింటికి గోడ కొడతారు.

8 నవంబర్, శనివారం, మధ్యాహ్నం

డిటెక్టర్ పట్టుకెళ్లాను. లోపల ఇనుముంటే కూత పెడుతుంది. గోడ పైభాగమంతా రెండుసార్లు తిప్పాను. ఒక్క కూత లేదు. అంటే పై అంతస్తు బరువంతా ఆ గోడ మీదే ఉంది. ఉక్కు ఊరు భిలాయ్‌లో ఇనుము లేని చోటు వెతికి మరీ పట్టుకున్నాను!

బిల్డర్ సూర్యప్రకాష్‌కి చెప్పాను. ఒరిజినల్ డ్రాయింగ్ ముందు మీ డబ్బా ఎంత మేడమ్, మీ సంతకం చూపించే బుకింగ్స్ తీసుకున్నాను అన్నాడు.

చూడకుండా సంతకం పెట్టాను, పని ఆపండి. ఈ రెండు ముక్కలే రాసివ్వాలి. లైసెన్స్ పోవచ్చు. నాన్న పరువు సరేసరి. రాసి చింపేశాను.

9 నవంబర్, ఆదివారం

బలరాం భార్య అచ్చమ్మ ఆ గోడ కిందే తట్టలెత్తుతుంది. పొద్దున్నుంచీ అదే గుర్తొస్తోంది.

లెటర్ మళ్లీ రాశాను. నాన్నకి చూపించాను. చదివి, మడతపెట్టి, నా చేతిలో పెట్టారు. నాన్న మీద ఇంత కోపం నాకెప్పుడూ రాలేదు.

10 నవంబర్, సోమవారం, 11:30

సైట్‌లో సిమెంట్ బస్తా మీద కూర్చుని రాస్తున్నాను.

లెటర్ ఇచ్చాను. సూర్యప్రకాష్ చదవకుండానే జేబులో పెట్టుకుని, కొట్టండి అన్నాడు. నేను వెళ్లి గోడకి వీపు ఆనించి నిలబడ్డాను. బలరాం సుత్తి దించేశాడు. సూర్యప్రకాష్ పోలీసులకి ఫోన్ చేస్తానని అరిచాడు. అచ్చమ్మ తట్ట కింద పడేసి వచ్చి నా పక్కన నిలబడింది. నువ్వెందుకే ఇక్కడ, బయటికి పో అని నేనూ అరిచాను.

అప్పుడు ఆటోలోంచి నాన్న దిగారు. చంకలో ఫ్రేమ్.

అందరి ముందే చెప్పారు. అప్పట్లో రాడ్లు టైముకి రాలేదట. బీమ్ మానేసి గోడే లావుగా కట్టేశారట. డ్రాయింగ్‌లో ఏడో నంబర్ బీమ్ గీకేయమని నాన్నకి చెప్పారట. అప్పటికే ఎక్సలెంట్ అని రాసేశారమ్మా, బ్లేడు పెట్టడానికి చెయ్యి రాలేదు అన్నారు నాతో. ఆయన గొంతు అంత చిన్నగా ఎప్పుడూ వినలేదు.

సూర్యప్రకాష్ కాసేపు పైకప్పు వైపు చూశాడు. అందరినీ బయటికి రమ్మన్నాడు.

11 నవంబర్

నాన్న ఫ్రేమ్ విప్పారు. బ్లేడు అడిగారు. ఏడో బీమ్ గీకడానికి సగం ముక్క చాలన్నారు.