ధోటా నాలుకకు రెండు వారాలు

మే 6, 2006. శనివారం. నార్పోలి.

ఉదయం 7. ఈ రోజు నుంచి మా కుక్క ధోటా పిల్లల్ని నాకదు. కోడలు నేహకు మాటిచ్చాను. గడువు పంతొమ్మిదో తారీఖు, శుక్రవారం.

కారణం: మనవడు భూషణ్‌కు పది నెలలు. పాకుతున్నాడు. వాడి మొహం సరిగ్గా కుక్క మూతి ఎత్తుకు వస్తుంది. చెంపల మీద దద్దులు. ధామన్కర్ నాకా చౌరస్తా దగ్గరి డాక్టరు చెంపలు చూసి, ఇంట్లో కుక్క ఉందా అని మాత్రం అడిగాడట.

నేహ నిన్న రాత్రి అన్నం వడ్డిస్తూ చెప్పింది.

"దాని మీద నాకేం పగ లేదు మామయ్య. కానీ పోరని నోట్లె నోరు పెడ్తది. గిట్లయితే నడువది."

గడువులోగా మానకపోతే బుచ్చిరాములు కాల్హేర్‌కు తీసుకుపోతాడు. అక్కడ అతనికి ప్లాస్టిక్ కుర్చీల గోదాం ఉంది. కాపలా కుక్క కావాలి. అతను నా భార్య సుందరలక్ష్మికి పెదనాన్న కొడుకు, నాకు బామ్మర్ది. గొలుసు అప్పుడే కొన్నాడు.

ధోటా సుందరలక్ష్మి కుక్క. కరెంటు మగ్గం సాంచాలో నూలు మోస్తూ అటూ ఇటూ ఉరికే ధోటాలాగా ఇల్లంతా ఉరుకుతుందని ఆ పేరు తనే పెట్టింది. తను పోయి తొమ్మిది నెలలు. దీని గురించి ఇంతకంటే రాయవలసింది లేదు.

పద్ధతి: నాకబోతే అరవకూడదు. పిల్లవాణ్ణి ఎత్తుకుని లేచి వెళ్లిపోవాలి. నాకకుండా కూర్చుంటే బిస్కెట్టు. భూషణ్ తినగానే మూతి కడగాలి. మనవరాలు ప్రగతి (నాలుగేళ్లు) కుక్కను ముద్దు అడగకూడదు.

కరీంనగర్‌లో డిగ్రీ చదివినవాణ్ణి. పన్నెండు సాంచాలు నడుపుతున్నవాణ్ణి. ఒక కుక్క నాలుక ఎంత!

సాయంత్రం 6. మధ్యాహ్నం నుంచి ఒక్కసారి కూడా నాకలేదు! (మధ్యాహ్నం నుంచి భూషణ్ నిద్రలో ఉన్నాడు. ధోటా కూడా.)

మే 7. ఆదివారం.

బిస్కెట్టు పద్ధతి బ్రహ్మాండం. ధోటా భూషణ్ దగ్గరికి పోయింది. నాలుక బయటపెట్టింది. నా వైపు చూసింది. నాలుక లోపల పెట్టుకుంది. బిస్కెట్టు ఇచ్చాను.

మళ్లీ పోయింది. నాలుక బయటపెట్టింది. నా వైపు చూసింది.

ప్యాకెట్ అయిపోయింది. ఎవరు ఎవరికి నేర్పుతున్నారో ఆలోచించాలి.

ప్రగతి చేయి చాచి నిలబడింది. "తాత, నేను భీ ఎవర్ని నాకలే. బిస్కెట్ దే నా."

న్యాయమే. ఇచ్చాను.

మే 8. సోమవారం.

ప్రగతి మోచేతికి బెల్లం రాసుకుని కుక్క ముందు కూర్చుంది. అది ఆగుతుందో లేదో చూస్తోందట. ఆగలేదు.

11 గంటలకు కరెంటు పోయింది. అందరం గాలి కోసం అరుగు మీదికి వచ్చాం. భూషణ్ చెంప ఒకసారి. ప్రగతి చెవి ఒకసారి. నా చేయి చాలాసేపు. నా చేయి లెక్కలోకి రాదు. నేను పిల్లవాణ్ణి కాను.

మే 9. మంగళవారం.

కనిపెట్టాను.

ధోటా నాకిన వేళలు గోడ క్యాలెండరు మీద రాస్తున్నాను. కరెంటు పోయే వేళలు నేహ అక్కడే రాసుకుంటుంది, మిక్సీ కోసం. రెండూ ఒకటే.

పక్క గదిలో సాంచాలు మోగుతున్నంతసేపు ధోటా మంచం కింద పడుకుంటుంది. పిల్లవాడు దాని మీదుగా పాకినా కదలదు. మోత ఆగిందంటే చాలు, లేచి అరుగు మీదికి వచ్చి దగ్గరున్న చేతినో చెంపనో అందుకుంటుంది.

ఎందుకో నాకు తెలుసు. కరెంటు పోతే సుందరలక్ష్మి చాయ్ గ్లాసుతో అరుగు మీద కూర్చునేది. బిస్కెట్టు ముంచి తను సగం తిని, మిగతాది వేళ్లతో కిందికి పెట్టేది. చివరి నెలల్లో లేవలేకపోయినా చేయి మంచం మీంచి కిందికి వేలాడేసేది. బిస్కెట్టు ఉండేది కాదు. అయినా అది వచ్చేది.

మోత ఆగితే చేయి కిందికి వస్తుంది. దాని లెక్క అంతే.

కాబట్టి చేయవలసింది సులభం. మోత ఆగినట్టు దానికి తెలియకూడదు.

మే 10. బుధవారం.

కొడుకు కిషన్ కాలేజీనాటి టేప్ రికార్డర్ అటక మీంచి దించాను. సాంచాల మధ్య స్టూలు వేసి, క్యాసెట్‌కు రెండు వైపులా మోత పట్టాను. కొత్త సెల్లులు వేశాను. ఏం చేస్తున్నావు బాపు అని కిషన్ అడిగాడు. చెప్పాను. తనను ఇందులోకి లాగవద్దని చెప్పి వెళ్లిపోయాడు.

11 గంటలకు కరెంటు పోయింది. వెంటనే టేపు వేశాను. ధోటా ఒక చెవి లేపింది. దించింది. పడుకుంది. భూషణ్ కూడా నిద్రపోయాడు! పుట్టినప్పటి నుంచీ ఆ మోతలో పడుకున్నవాడు.

చిన్న చిక్కు. చాయ్ తాగడానికి పోయిన కార్మికులు కరెంటు వచ్చిందనుకుని ఉరికొచ్చారు. చీకటి గదిలో సాంచాల ముందు నిలబడి ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

సాయంత్రానికి నేను దొంగ లైను లాగానని గల్లీ అంతా తెలిసింది. బుచ్చిరాములు వచ్చి తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించాడు.

"బావ, ఏ లైను దించినవ్? నాకొక్కనికి చెప్పు. ఎవలికీ చెప్పను."

టేప్ రికార్డర్ చూపించి మోత వినిపించాను. చాలాసేపు దాన్నే చూశాడు.

"దీంట్లకెళ్లి బట్ట గూడ వస్తదా బావ?"

మే 12. శుక్రవారం.

శుక్రవారం ఊరంతా సాంచాలకు సెలవు. కఠిన పరీక్ష. అరగంటకొకసారి క్యాసెట్ తిప్పాను. మధ్యాహ్నం టేపు చిక్కుకుంది. పెన్సిల్‌తో చుట్టాను. దారాల చిక్కులు తీసిన ఇంట్లో పుట్టినవాణ్ణి, ఇదొక లెక్కా.

రోజు మొత్తం ఒక్క చెంపా తడవలేదు!

నేహ అడగకుండానే చాయ్ తెచ్చింది. "నిజంగ గెల్సిన్రు మామయ్య." భూషణ్ దద్దులు తగ్గుతున్నాయట.

బుచ్చిరాములుకు ఫోన్ చేసి గొలుసు దుకాణంలో వాపసు ఇవ్వమన్నాను. దుకాణం వాడు వాపసు తీసుకోడన్నాడు.

మే 13. శనివారం.

విజయం కొనసాగుతోంది. ఒక సమస్య. ప్రగతి నాలుగు కాళ్ల మీద నిలబడి భూషణ్ చెంప నాకుతుంటే నేహ పట్టుకుంది. ధోటా పడుకుంది కాబట్టి దాని పని తను చేస్తోందట.

పద్ధతిలో ఇంకొక అంశం చేర్చాను: ప్రగతి కూడా నాకకూడదు.

మే 14. ఆదివారం.

11 గంటలకు కరెంటు పోయింది. టేపు వేశాను. పిల్లలు నిద్ర. ధోటా మంచం కింద నిద్ర. చాయ్ పట్టుకుని అరుగు మీద కూర్చున్నాను. లోపల పన్నెండు సాంచాలు నడుస్తున్నట్టే ఉంది. ఒక్కటీ నడవడం లేదు.

ఎడమచేయి ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. జేబులో పెట్టుకున్నాను.

మే 15. సోమవారం.

కరెంటు పోయింది. టేపు వేయలేదు. సెల్లులు అయిపోయాయి. కొత్తవి కొనాలంటే నాకా దాకా పోవాలి. ఎండ.

ధోటా వచ్చింది. నా చేయి మాత్రమే. లెక్కలోకి రాదు.

మే 16. మంగళవారం.

సెల్లులు కొనలేదు. దుకాణం మూసి ఉంది. ఏ దుకాణమని నేహ అడిగింది. ఎప్పుడూ కొనేదే అన్నాను.

ఎప్పుడూ ఎక్కడ కొంటామో నాకే తెలియదు.

భూషణ్ పెరుగన్నం మూతితో అరుగు మీదికి పాకి వచ్చాడు. ఒక్కసారే నాకింది. అందులోనూ తప్పు పెరుగుది.

మే 17. బుధవారం.

ప్రగతి మేకుకు తగిలించిన నా చొక్కా జేబులోంచి సెల్లులు తీసింది. నేల మీద వరసగా పెట్టి రైలు ఆడింది. తర్వాత ఒక సెల్లు కనబడక, ఇంకో జేబులో వెతుకుతూ నన్నే సాయం పిలిచింది.

నేహ వాటిని టేప్ రికార్డర్‌లో వేసింది. ఇల్లు అదిరిపోయేలా సాంచాలు మోగాయి. ఆపేసింది.

"సెల్లులు మంచిగనే ఉన్నయి మామయ్య."

నేను క్యాలెండరు చూశాను. క్యాలెండరులో కొత్తగా ఏమీ లేదు.

ఆ తర్వాత కోప్పడినా బాగుండేది. కోప్పడలేదు. భూషణ్ చెంపకు మందు రాసింది. దద్దులు మళ్లీ వచ్చాయి.

మాటిచ్చినవాణ్ణి నేను. బుచ్చిరాములుకు నేనే ఫోన్ చేశాను.

మే 19. శుక్రవారం.

గడువు. బుచ్చిరాములు టెంపో తెచ్చాడు. గొలుసు నేనే కట్టాను. కట్టేంతసేపు ధోటా అతని వేళ్లు నాకింది. తర్వాత మణికట్టు. తర్వాత గడియారం.

"బావ, గిది ఎన్నడన్న మొరుగుతదా?"

తెలియదన్నాను. అబద్ధం కాదు. అది మొరగగా వినలేదు. సాంచాల మోతలో ఏం వినబడుతుంది.

ప్రగతి ధోటా పడుకునే పాత చాపలో ముఖం పెట్టుకుని పడుకుంది. నేహ వంటింట్లోంచి రాలేదు.

సాంచాలకు సెలవు. టేపు ఎవరూ వేయలేదు. అవసరం లేదు.

మే 20. శనివారం.

11 గంటలకు కరెంటు పోయింది. అందరం అరుగు మీదికి వచ్చాం. భూషణ్ అంచు దాకా పాకి, బోర్లా పడుకుని, చేయి కిందికి వేలాడేశాడు.

అలాగే ఉంచాడు. వేళ్లు ఒకసారి ఆడించాడు. మళ్లీ ఉంచాడు.

ఎవరూ నేర్పలేదు వాడికి. నేను చాయ్ గ్లాసులోకి చూశాను.

కాసేపటికి ఏడవడం మొదలుపెట్టాడు. నేహ ఎత్తుకోలేదు. ఆ చేతినే చూస్తోంది.

"అత్తమ్మ గూడ గట్లనే పెట్టేది చెయ్యి," అంది.

తర్వాత కొంగుతో ముక్కు తుడుచుకుంది. "బుచ్చిరాములు మామకు ఫోన్ చేయుండ్రి మామయ్య."

ఫోన్ చేయనక్కర లేకపోయింది. గల్లీ మలుపులో టెంపో హారన్ వినిపించింది. ముందు సీట్లో బుచ్చిరాములు పక్కన ధోటా కూర్చుని ఉంది. బుచ్చిరాములు ఒక చెంప తడిగా ఉంది.

రాత్రి గోదాంలో దొంగలు పడ్డారట. ఇద్దరు. ధోటా ఎదురెళ్లి ఇద్దరి కాళ్లూ నాకిందట. వాళ్లు నలభై కుర్చీలు బండికెత్తుతుంటే పక్కనే కూర్చుందట. వాచ్‌మన్ తన గదిలో గొళ్లెం పెట్టుకుని కిటికీలోంచి అంతా చూశాడట.

"పోయేటప్పుడు గేటు దాక సాగనంపింది బావ. మీ ఇంటి మర్యాద." గొలుసు నా ఒళ్లో వేశాడు. "నీ కుక్క నీకే ముబారక్."

నేహ నవ్వు ఆపుకోవడానికి లోపలికి పోయింది. ఆగలేదు. వినబడింది. ఈ ఇంట్లో ఆ శబ్దం విని చాలా రోజులైంది.

ధోటా ఎవరివైపూ చూడకుండా అరుగు కిందికి పోయింది. భూషణ్ చేయి ఇంకా అక్కడే ఉంది.

వెంటనే సబ్బుతో కడిగాం.

మే 21. ఆదివారం.

ఉదయం 8. ఈ రోజు నుంచి ధోటా పిల్లల్ని నాకదు. ఈసారి పద్ధతి నేహ చెప్పింది, నేను రాసుకున్నాను.

పిల్లల మొహాలు బంద్. కుక్కకు పురుగుల మందు. కరెంటు పోగానే పిల్లలకంటే ముందు తాత అరుగు చేరాలి. చాయ్‌లో ముంచిన బిస్కెట్టుతో చేయి కిందికి పెట్టాలి. దాని లెక్క అక్కడికి తీరిపోతే చెంపల దాకా రాదు. అది తాత చేయి మాత్రమే నాకవచ్చు. సెల్లులు నేహ దగ్గరే ఉంటాయి.

చివరిది రాసుకోమన్నప్పుడు నా జేబు వైపు చూసింది.

లోపం ఎక్కడా లేదు. ఈసారి గెలుపు ఖాయం!

11 గంటలు. కరెంటు పోయింది. అందరికంటే ముందు అరుగు చేరాను. ఎడమచేయి ఖాళీగా లేదు. డైరీ మోకాలి మీద కదులుతోంది, అక్షరాలు వంకరగా వస్తున్నాయి.

భూషణ్ పాక్కుంటూ వస్తున్నాడు. మూతికి పెరుగన్నం. వాణ్ణి ఎత్తుకోవాలంటే చేయి తీసేయాలి.

ఈ పద్ధతి సోమవారం నుంచి.