శాలువాతో కొండలు

అత్తయ్యగారికి నమస్కారాలు. నేను బాగానే ఉన్నాను, వేళకే తింటున్నాను.

మీ అమ్మాయి గుర్తుగా ఆమె ఊలు శాలువా పంపమని రాశారు. పంపుదామనే బీరువాలోంచి తీశాను. ఇంతలో మా బడిలో ఆమె చెప్పే తరగతి నాకే అప్పగించారు. నిన్న బొమ్మల పుస్తకం చూపిస్తూ, భూమి పొరలు రెండు వైపుల నుంచీ ఒత్తుకుంటే కొండలు లేస్తాయని చెప్పి, కాగితం పరిచి నెట్టాను. అది చిరిగింది.

"మీకు రాదు సార్," అంది ముందు బెంచీ పిల్ల. "మేడమ్ అయితే శాలువా పరిచేవారు. మేం చెరోవైపూ నెట్టేవాళ్ళం."

"గట్టిగా నెడితే తిట్టేవారు కూడా," అన్నాడు పక్కవాడు. "కొండలకి లేని తొందర నీకెందుకురా అనేవారు."

ఇవాళ శాలువా తీసుకెళ్ళాను. కొండలు లేచాయి. పిల్లలు అచ్చం ఆమెలాగే ఒకరినొకరు కసురుకుంటుంటే, చాలా రోజులకి నవ్వొచ్చింది.

మావయ్యగారి దగ్గు తగ్గిందా? నా పాత కళ్ళజోడు మీ ఇంట్లో ఉందేమో కాస్త చూడండి.

శాలువా బడిలోనే ఉంచనా? కన్నతల్లి మీరు, మీ మాటే నా మాట. మీకే కావాలంటే ఒక్క ముక్క రాయండి. ఉతక్కుండా అలాగే పంపుతాను.

మీ అల్లుడు