లాటరీలో నీ పేరు

ఏమయ్యా,

నువ్వు పోయిన మూడేళ్ళకు నిన్న నీ పేరు మైకులో విన్నాను.

మన పాపకు గురుకులంలో సీటు కోసం లాటరీ తీశారు. నేనిక్కడ అరబ్బుల దేశంలో, అల్ అజీజియాలో మేడమ్ వాళ్ళ బట్టలు ఇస్త్రీ చేస్తూ ఫోన్లో చూశాను. మీ అమ్మ, పాప ముందు వరుసలోనే ఉన్నారు.

మీ అమ్మకు ఇష్టం లేదు. "జడేసుకోను కూడా రాదు, హాస్టల్లో ఎట్లుంటాదే?" అని ఒకటే పోరు. నువ్వున్నా అదే అనేవాడివి. చిన్నప్పుడు హాస్టల్ గోడ దూకి ఇంటికొచ్చినవాడివేగా! కానీ మన ఊరి బడి ఐదుతో ఆగిపోతుంది. గురుకులంలో ఇంటర్ దాకా చదివిస్తారు. పాప నాలాగా ఒకరింట్లో ఇస్త్రీ పెట్టె పట్టుకోకూడదు.

అప్లికేషన్‌లో నీ పేరు ముందు 'లేట్' అని రాయడం మరిచిపోయాను. సారు చీటీ తీసి పాప పేరు, తండ్రిగా నీ పేరు చదివాడు. మీ అమ్మ చటుక్కున లేచి, చెయ్యెత్తి "ఉండాడు సార్!" అంది.

సాయంత్రం ఆమే ఫోన్ చేసింది. "ట్రంకు పెట్టె కొన్నా. జడ నేర్పిస్తాండా."

చేరే రోజు 'లేట్' రాయమంటారట. రాస్తాం. పాప మాత్రం సోమవారం వెళ్తుంది, నువ్వు వద్దన్నా సరే.