శుక్రవారం కారులో ముగ్గురం

శుక్రవారం, సాయంత్రం ఐదు, వాన వెలిశాక

మఠంలో వెలసిన మా పూజ్య అక్కగారికి,

తమ్ముడు తల వంచి, వంచిన తల ఎత్తకుండానే సమర్పించుకుంటున్న క్షమాపణ. ఇందులో రాబోయే అతిశయోక్తులకూ, కోడిగీతల్లాంటి అక్షరాలకూ, మూలనున్న గ్రీజు మరకకూ ముందే మన్నించు. నీలాంటి మఠకన్యకు ఉత్తరం రాసే అర్హత నా వంశంలో ఎవరికీ లేదు. నీదీ అదే వంశం కాబట్టి ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఇక్కడ అందరం క్షేమం. పెదనాన్న గుండె మాత్రం డాక్టరు చెప్పినట్టే కుంటుతూ నడుస్తోంది. సోమవారం పొద్దున్నే ఆపరేషన్.

ఆలోగా మా నాన్నని ఒక్కసారి ఫాదర్ దగ్గర కూర్చోబెట్టరా, ఏదో ఒకటి చెయ్యి, వెటకారం మాత్రం చెయ్యకు అని రాశావు. అక్కా, నేనేమీ చెయ్యలేదు. ఘోరంగా, సంపూర్ణంగా ఏమీ చెయ్యలేదు. కారు నడిపానంతే.

బుధవారం పెదనాన్న కుట్టుషాపుకెళ్లి కదిపి చూశాను. నా బట్టని తెర చేసిన గుడి గుమ్మం నేను తొక్కనురా, నువ్వు నోరు మూసుకుని ఈ సూదిలో దారం ఎక్కించు అన్నాడు. పదకొండేళ్లయినా ఆ మంట ఆరలేదు. తపస్సుకాలం నలభై రోజులూ కూర్చుని ఫాదర్ తొడుక్కోవడానికి కుట్టిన ఊదారంగు పూజావస్త్రం చూసి పాత ఫాదర్ అందరి ముందూ నవ్వడం, ఒకపక్క అంచు పైకి లేచిందని దాన్ని కత్తిరించి, పాపాలు చెప్పుకునే పాపసంకీర్తనం పెట్టెకి తెరగా వేలాడదియ్యడం నీకు తెలిసిందే. అప్పటినుంచి ఆయనకి గుడీ లేదు, జపమూ లేదు.

ఇవాళ నెలలో తొలి శుక్రవారం. మంచం దిగలేని వాళ్లకి కొత్త ఫాదర్ దివ్యసత్ప్రసాదం తీసుకెళ్తారు, గుడి వాళ్ల పాత కారు నేను నడుపుతాను. ఆ అప్పాలున్న చిన్న డబ్బీ సంచిలో పెట్టి, ఆ సంచి మెడలో వేసుకుని, చెయ్యి గుండెమీద ఆనించి కూర్చుంటారు. కారులో మనం ముగ్గురం ఉన్నాం నాయనా, ఈ డబ్బీలో మూడో ఆయన, ప్రభువు, ఉన్నంతసేపూ కబుర్లు వద్దు అని మొదటి రోజే చెప్పారు. నాలాంటి వాగుడుకాయకి అంతకంటే కఠినమైన ఉపవాసం లేదు.

మొదటి పది నిమిషాలూ నాలుక దురద పెడుతుంది. తర్వాత ఏదో అవుతుంది. ఇవాళ వాన కూడా తోడైంది. అద్దాలకి ఆవిరి పట్టి వీధులు కరిగిపోయాయి. గొడుగులు మనుషుల్లేకుండా వాటంతటవే నడిచిపోతున్నాయి. మంగలి షాపులో ఒకాయన మొహమంతా నురగతో మావైపు తిరిగాడు, మబ్బు తొంగి చూసినట్టు. ఎర్రలైటు దగ్గర ఆగితే నీళ్లలో తలకిందులుగా ఇంకో కారు, అందులో నోరు మూసుకున్న ఇంకొకడు. వాడు నాకంటే బుద్ధిమంతుడిలా కనిపించాడు. ఎటు పోతున్నానో కూడా మరిచిపోయాను.

పెద్ద రోడ్డు మునిగిందని దర్జీల వీధిలోకి తిప్పాను. అక్కడ నీళ్లు ఇంజను మింగాయి. కారు రెండుసార్లు దగ్గి పెదనాన్న షాపు ముందే చతికిలబడింది.

పాత కథ ఎరగని ఫాదర్, తెరిచి ఉన్న షట్టరు కనిపించగానే అందులోకి దూరారు. పెదనాన్న స్కూలు యూనిఫాం కుడుతున్నాడు. ఎవరయ్యా అని గుర్రుమనబోయాడు. ఆ అంగీ చూశాడు. గుండెమీది చెయ్యి చూశాడు. ఆయన కాలు మిషను తొక్కడం దానంతటదే ఆపేసింది.

అక్కా, పెదనాన్న లేచి, బల్లమీది పేలికలన్నీ చేత్తో ఊడ్చేశాడు. ఎవరిదో చొక్కాకొచ్చిన తెల్లగుడ్డ తీసి పరిచాడు. దారానికి మైనం పట్టించే కొవ్వొత్తి ముక్క ఉంటుందే, అది వెలిగించి పెట్టాడు. ఫాదర్ డబ్బీ దాని పక్కన ఉంచి మోకరించారు. తడిసిన వెలుగులో గోడకి వేలాడుతున్న చొక్కాలన్నీ వరసగా నిలబడి పూజకొచ్చిన జనంలా ఉన్నాయి.

చివరికి పెదనాన్న, ఫాదర్, ఆ కుర్చీలో కూర్చోండి అని, నావైపు తిరిగి, నువ్వు బయటికి పో అన్నాడు.

షట్టరు సగం దించారు. నేను గొడుగు కింద నిలబడ్డాను. ఫాదర్ తడి బూట్లు, పెదనాన్న ఒట్టి పాదాలు మాత్రం కనిపిస్తున్నాయి. యూనిఫాం కోసం ఒకావిడ వచ్చింది. లోపల కొలతలు తీస్తున్నారమ్మా అన్నాను. ఎవరివి అంది. అది వాళ్లింకా తేల్చుకోలేదన్నాను. ఆవిడ నన్ను పైనుంచి కిందికి చూసి రేపొస్తానంది.

షట్టరు లేచాక పెదనాన్న కళ్లు ఎర్రగా ఉన్నాయి. నా చెవి దగ్గరకొచ్చి, ఎడమ అంచు నిజంగానే అంగుళం పైకుందిరా, పదకొండేళ్లుగా నాకు తెలుసు అన్నాడు. తర్వాత బల్ల ముందు మోకరించి సత్ప్రసాదం తీసుకున్నాడు. సోమవారం ఎటుపోయినా పర్లేదని మీ అక్కకి రాయి అన్నాడు. ఎటూ పోనివ్వనని రాస్తున్నాను.

నీ జపాల్లో మూల చోటు కోరుతూ,
ఏమీ చెయ్యని నీ తమ్ముడు

తా.క.: తిరిగొచ్చినప్పటినుంచీ, కావాలనే కారు ఆపానని గుడిలో అందరూ నా వీపు తడుతున్నారు. నేనూ కన్నుగీటి ఊరుకుంటున్నాను. అబద్ధం. అది నిజంగానే చెడిపోయింది. అసలు సంగతి వేరే. ప్రతి ఆదివారం పూజకెళ్తున్నానని నీకు రాసేవాణ్ణి కదా. వెళ్లేవాణ్ణి. సత్ప్రసాదం వేళకి మాత్రం టైరు చూసొస్తానని బయటికి జారుకునేవాణ్ణి. మూడేళ్లు. చెప్పుకోని తప్పుతో అది తీసుకోకూడదు కదా. మొదట చిన్న తప్పే, తర్వాత దాన్ని చెప్పుకోలేని సిగ్గు పెద్దదైంది. పెదనాన్న నా మొహంలో ఏం చదివాడో, ఆయన సత్ప్రసాదం తీసుకోకముందే, కుర్చీ ఇంకా వెచ్చగానే ఉంది, పోరా అని నన్ను లోపలికి తోసి షట్టరు మళ్లీ దించాడు. ఫాదర్‌కి అంతా చెప్పేశాను. డబ్బీలో ఒక్కటే మిగిలింది. ఫాదర్ దాన్ని రెండుగా విరిచారు. పెద్ద ముక్క వాడికివ్వండి, చిన్నోడు అన్నాడు పెదనాన్న. ఇందులో పెద్దా చిన్నా ఉండదయ్యా అన్నారు ఫాదర్. లేకపోయినా వాడికే ఇవ్వండి అన్నాడు.

తీసుకున్నానక్కా.