సూదుల స్టవ్వు మీద టీ

రాయగడ

పెద్దప్ప పాదాలకి నీ చెల్లెలు దణ్ణం పెట్టి రాస్తోంది.

బావగారి మోకాళ్ళ నొప్పులు తగ్గాయా? పిల్లలందరూ కులాసాయేనా? నేను కులాసా. ఇన్నాళ్ళూ రాయలేదని కోపగించకు. ఇప్పుడైనా ఎందుకు రాస్తున్నానంటే, మా మరిది మీకు నా మీద ఉత్తరం రాయబోతున్నాడు. అది చేరేలోగా ఇది నీ చేతికి అందాలి.

ఆయన పోయాక మరిది ఇంటికి వచ్చి ఏడాది కావస్తోంది. ఇక్కడ వాన పట్టిందంటే బట్టలు ఆరవు, జాడీలో ఉప్పు నీరైపోతుంది. తోటికోడలు వేళకి అన్నం పెడుతుంది, పలకరించదు. బజారు నిండా మన తెలుగువాళ్ళ దుకాణాలే, మనసులో మాట చెప్పుకోవడానికి మాత్రం ఒక్కరు లేరు. నా గురించి బెంగపడకు, బాగానే ఉన్నాను.

బస్టాండు దగ్గర ఇక్కడి వర్తకులు దేవుడి పేరు మీద చందాలు వేసుకుని క్లినిక్కు నడుపుతున్నారు. ఎవరొచ్చినా వెంటనే చూస్తామని బయట బోర్డు. అక్కడ వైద్యం ఎలా సాగుతోందో చూసి చెప్పడానికి కొందర్ని వేశారు. ఆడమనిషి ఒకరుండాలని మరిది నా పేరు చేర్చాడు. పూజ తప్ప వేరే ధ్యాస లేనిదాన్ని, తల ఊపి వచ్చేస్తాననుకున్నాడు.

మొన్న శనివారం వెళ్ళాం. గుమ్మానికి తోరణాలు, మాకు బొట్టు, దండలు. తనిఖీకి వెళ్ళామో పెళ్ళికి వెళ్ళామో! మగవాళ్ళు కుర్చీల్లో కూర్చున్నారు. ఓ మూల కకిరిగుమ్మ నుంచి రైల్లో వచ్చిన కొండ మనిషి, ఆమె ఒళ్ళో కాలు కోసుకుపోయిన కూతురు. ఆ పిల్ల వంక ఎవరూ చూడలేదు.

ఒక్కపొద్దు కదా, నాకు టీ వద్దని చెప్పడానికి వెనక గదిలోకి వెళ్ళాను. స్టవ్వు మీద టీ మరుగుతోంది. పక్కన చన్నీళ్ళ గిన్నెలో పొద్దున్నుంచీ ఎందరికో పొడిచిన సూదులు.

“ఇవి ఉడకబెట్టలేదా అమ్మీ?” అని నర్సుని అడిగాను.

“ఉన్నది ఒక్క స్టవ్వేనమ్మా. పెద్దోలొచ్చేరు, ముందు టీ ఎట్టమన్నారు. నానేటి సేస్తాను?”

ఇంతలో డాక్టరు కేక. వైద్యం ఎంత త్వరగా అందుతుందో పెద్దలకి చూపించాలట, ఆ పిల్లకి ఇంజెక్షను పట్టుకు రమ్మన్నాడు. నర్సు ఆ చన్నీళ్ళలోంచే సూది తీసింది.

ఆమె చెయ్యి పట్టుకుని ఆపాను. టీ తూములో పారబోసి, సూదుల గిన్నె స్టవ్వు మీదకి ఎక్కించాను.

మరిది వచ్చి చూశాడు. “మా వదినకి మడెక్కువ డాక్టరుగారూ, సూదులక్కూడా తానం సేయిస్తాది!” అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు.

“ఉడకని సూది నీ కూతురికి పొడిపిస్తావా?” అన్నాను మెల్లగానే. సూదులు ఉడికేదాకా స్టవ్వు దగ్గర్నుంచి కదల్లేదు. ఆ పిల్లకి ఉడికిన సూదే పడింది.

ఇంటికొచ్చాక మరిది నా మీద విరుచుకుపడ్డాడు. “నోరు లేనిదానివని తీసుకెల్తే నలుగురిలో నా పరువు తీసేసేవు. ఎల్లి డాక్టరికి తప్పయిందని సెప్పు.”

“ఇంకో స్టవ్వు కొంటారా?”

“అది నీకెందుకు?”

దేవుడి పేరు మీద చందా పోగేసి దండలు కొనే ఈ మనుషులంటే నాకు అసహ్యం పుట్టింది అప్పా. రేపు క్లినిక్కుకి వెళుతున్నాను. తప్పయిందని చెప్పడానికి కాదు. నేను మడివంట చేసుకునే స్టవ్వు సూదులకి ఇచ్చేస్తాను. ఇక మీద స్వామికి పళ్ళే నైవేద్యం. ఆయన ఏమీ అనుకోడు.

“అది పట్టుకుని గుమ్మం దాటితే మళ్ళీ ఈ ఇంటికి రాకు” అన్నాడు మరిది. దాటుతాను. ఆ నర్సు తల్లి మునిసిపాలిటీలో వీధులూడుస్తుంది. వాళ్ళ వరండాలో నాకు చోటిస్తామన్నారు.

బావగారికి నా నమస్కారాలు. పిల్లలకి ముద్దులు. నువ్వు మాత్రం నన్ను మనసారా దీవించు. ఈ కాగితాలు నీ దగ్గరే దాచు. అన్నయ్యకి చూపించకు. చూస్తే మర్నాటి బండికే వచ్చి నాచేత తప్పయిందని చెప్పిస్తాడు.

నీ చెల్లెలు
వరాలమ్మ