నాన్న పనికి నా తనిఖీ

లోరెట్ అత్తకు,

కాలేజీ చదువు తలకెక్కి నాన్న పొట్ట కొడుతున్నానని అమ్మ నీకు ఫోన్లో చెప్పిందట. నువ్వూ నమ్మేశావు.

నాన్న సెప్టిక్ ట్యాంకులు కడతాడు. మన టౌన్ ఆఫీసులో వాటిని తనిఖీ చేసేదాన్ని నేనొక్కదాన్నే. సొంతవాళ్ళ పనిని గానీ, పాత యజమాని పనిని గానీ తనిఖీ చెయ్యకూడదన్నది రూలు. అందుకే నాన్న పనులు ఆగిపోయాయి. అయితే చిన్న ఊళ్లో ఏ సంబంధమూ లేని ఇంకో మనిషి దొరకడు కాబట్టి, జనం ఒప్పుకుంటే మినహాయింపు ఇవ్వవచ్చు. దానికోసమే మొన్న టౌన్ హాల్లో సభ పెట్టారు.

నేను ఉద్యోగంలో చేరకముందు నాన్న కట్టిన ట్యాంకు ఒకటి లీకై, పక్కింటి వెర్నా గారి బావి పాడైంది. ఆవిడైనా అడ్డు చెబుతుందనుకున్నాను. మినహాయింపుకు సరేనని అందరికంటే ముందు ఆవిడే చెయ్యెత్తింది. వెనకే హాలంతా చేతులెత్తింది.

బయట ఆపి అడిగాను. "ఇదేంటండీ? మీరు తాగేది కొన్న నీళ్ళు కదా!"

"నీళ్ళు కొనుక్కోవచ్చే పిల్లా. చలికాలం నా వాకిట్లో మంచు తోసేదెవరు? మీ నాన్నే కదా! నీ రూలొచ్చి తోస్తుందా?" అని నవ్వింది.

ఆ హాల్లో నాన్న సాయం అక్కర్లేని మనిషి ఒక్కరూ లేరు. నేను మానేస్తే నా కుర్చీలో నాన్న దగ్గర పనిచేసిన డ్వేన్‌ను కూర్చోబెడతారు. అతనికీ ఇలాగే చేతులెత్తుతారు. నావల్ల ఎవరి బావీ బాగుపడదు.

అయినా నాన్న కట్టిన ఏ ట్యాంకుకూ నేను సంతకం పెట్టను. సోమవారం రాజీనామా ఇస్తున్నాను.